తిరుగుబాటు, తిరిగిరాక: ఎఫ్రాయిము పేరిట ఒక చరిత్ర

మనామా పాత బజారులో, మీనా సల్మాన్ రేవుకు కొద్ది కిలోమీటర్ల దూరంలో, ఒక చిన్న యూదు ప్రార్థనామందిరం ఉంది. 1947 నవంబరు 29న పాలస్తీనా విభజన తీర్మానాన్ని ఐక్యరాజ్యసమితి ఆమోదించింది. కొన్నాళ్లకే, డిసెంబరులో చెలరేగిన అల్లర్లలో ఈ మందిరం ధ్వంసమైంది. పందొమ్మిదో శతాబ్దం చివర ప్రధానంగా ఇరాక్ నుంచి వర్తకానికి వచ్చిన కుటుంబాలు అక్కడ ప్రార్థించేవి. అల్లర్ల తరువాతి దశాబ్దాలలో అత్యధికులు దేశం విడిచిపోయారు, కొద్దిమంది మిగిలారు. 2020 సెప్టెంబరు ఒప్పందాల తరువాత మందిరాన్ని బాగుచేసి మళ్లీ ఆరాధనకు తెరిచారు. నాన్సీ ఖెదూరి రాసిన 'ఫ్రమ్ అవర్ బిగినింగ్ టు ప్రెజెంట్ డే' ఈ సమాజం కథే.

ఇరాక్ యూదుల వంశచరిత్ర బబులోను చెరతో మొదలవుతుంది. క్రీ.పూ. 597లోనూ, మరి పదేళ్లకు యెరూషలేము కూలినప్పుడూ యూదా ప్రజలను నెబుకద్నెజరు బబులోనుకు తరలించాడు. క్రీ.పూ. 539లో బబులోనును గెలిచిన పారసీక రాజు కోరెషు వారికి స్వదేశానికి పోయే అనుమతి ఇచ్చాడు. తిరిగి వెళ్లినవారి సంఖ్య 42,360 అని ఎజ్రా గ్రంథం లెక్క చెబుతుంది. వెళ్లనివారు చాలామంది. పొలాలు కౌలుకు తీసుకున్నారు, పన్నులు కట్టారు, అప్పుపత్రాలు రాసుకున్నారు. 'యూదా ఊరు' అనే పేరుగల స్థావరం నుంచి దొరికిన బబులోను మట్టిపలకలు ఆ సంగతులన్నీ చెబుతున్నాయి. అసలు ఇళ్లు కట్టుకుని, తోటలు నాటుకుని, తామున్న పట్టణం క్షేమం కోరమని వారికి ఉత్తరం రాసింది ప్రవక్త యిర్మీయాయే. పరదేశంలో బతుకుతున్న ఏ తెలుగువాడికైనా ఆ ఉత్తరం కొత్తగా తోచదు.

స్వదేశానికి పోకుండా దేవునివైపు తిరగడం సాధ్యమా? ఈ ప్రశ్న పుట్టడానికి కారణం ఒక క్రియాపదం. పశ్చాత్తాపానికి హెబ్రీ లేఖనాలు ప్రధానంగా వాడే మాట 'షూవ్'. దాని అర్థం తిరగడం, అంతే. తప్పుదారిన పోతున్న బాటసారి ఆగి వెనుదిరగడం. వెయ్యిసార్లకు పైగా వచ్చే ఈ మాటలో మనస్సు కన్నా ముందు పాదాలు కదులుతాయి. చెర నుంచి ఇంటికి రావడానికీ, పాపం నుంచి దేవుని వద్దకు రావడానికీ ప్రవక్తలు దీన్నే వాడారు. 'తెషువా' అనే నామవాచకం పశ్చాత్తాపమనే అర్థంలో స్థిరపడింది తరువాతి రబ్బీల కాలంలో. తెలుగు క్రైస్తవులకు చిరపరిచితమైన 'మారుమనస్సు' గ్రీకు 'మెటానోయా'కు మాటకు మాటగా నిలిచే పదం. చక్కని పదమే. అయితే దానిలో నడక లేదు. పాత నిబంధన అనువాదకులు చాలాచోట్ల 'తిరుగు' అనే క్రియనే నిలుపుకోవడం వారి వివేకం.

ఇంకొక విశేషముంది. దేవుణ్ణి విడిచిపోవడాన్ని సూచించే 'మెషూవా' కూడా 'షూవ్' ధాతువు నుంచే పుట్టింది. విడిచిపోవడమూ, చేరుకోవడమూ ఒకే వేరునుంచి. తెలుగులో తిరుగుబాటూ, తిరిగిరాకా ఒకే 'తిరుగు' నుంచి వచ్చినట్టే. హోషేయ, యిర్మీయా ఈ ద్వంద్వార్థంతో పదేపదే ఆడుకుంటారు. వారిద్దరి మాటల్లోనూ ఈ రెండు అర్థాలనూ మోసే పేరు ఎఫ్రాయిము.

ఎఫ్రాయిము యోసేపు చిన్న కొడుకు. ఐగుప్తులో, ఐగుప్తీయురాలైన తల్లికి పుట్టాడు. తాత యాకోబు అవసానకాలంలో మనుమలిద్దరినీ తన కొడుకులుగా లెక్కించి, చేతులు అడ్డంగా చాచి, కుడిచేతిని పెద్దవాడైన మనష్షే తలపై కాక తమ్ముడి తలపై ఉంచాడు. కాలక్రమాన ఉత్తర రాజ్యమంతటికీ ఎఫ్రాయిము పేరే వాడుకైంది. క్రీ.పూ. 722 ప్రాంతంలో ఆ రాజ్యపు రాజధాని షోమ్రోను అష్షూరీయుల వశమైంది. సుమారు 27 వేలమందిని తరలించానని సర్గోను తన శాసనంలో చెప్పుకున్నాడు. దక్షిణాన యూదావారికి ఒక కోరెషు దొరికాడు. ఉత్తరాది వారికి ఎవరూ దొరకలేదు.

ఆ ఘటన జరిగి నూరేళ్లు దాటిన తరువాత యిర్మీయా గ్రంథం ముప్పై ఒకటో అధ్యాయంలో ఎఫ్రాయిము గొంతు వినిపిస్తుంది. ముందు రాహేలు ఏడుపు. ఆమె యోసేపు తల్లి, ఎఫ్రాయిముకు నాయనమ్మ. తరువాత ఎఫ్రాయిము తన్నుతాను కాడికి అలవాటుపడని దూడతో పోల్చుకుని, తనను తిప్పితే తిరుగుతానని వేడుకుంటాడు. తిరిగే శక్తిని కూడా దేవుణ్ణే అడుగుతున్నాడు. జవాబుగా దేవుడు తన లోపలి పేగుల కలవరం గురించి మాట్లాడతాడు. అక్కడ కరుణకు వాడిన మాట గర్భాన్ని సూచించే 'రెహెమ్' అనే పదానికి సంబంధించినది. తెలుగులో దానికి సరితూగే మాట కడుపుతీపి. సంస్కృత సమమైన వాత్సల్యమూ తగనిది కాదు. అది 'వత్స' నుంచి, అంటే దూడ నుంచి పుట్టినది కనుక, తనను దూడగా చెప్పుకున్నవాడికి అనుకోకుండా అమరింది.

ఇది చవుకబారు క్షమాపణ కాదు. ఎఫ్రాయిము భక్తి పొద్దున్నే కరిగిపోయే మంచు వంటిదని హోషేయ అంతకు ముందే నిష్ఠురమాడాడు. అయినా లేఖనాల కథనాలు మరోవైపు మొగ్గుతాయి. యూదా రాజుల్లో అతి దుష్టుడని పేరుబడ్డ మనష్షే సంకెళ్లలో ప్రార్థిస్తే దినవృత్తాంతాల గ్రంథం అతనికి సింహాసనం తిరిగి ఇప్పించింది. నీనెవె ప్రజలు గోనెపట్ట కట్టుకోగానే శిక్ష తప్పింది. వారి ఉద్దేశం నిజమా కాదా అని దేవుడు విచారణ జరపలేదు. కోపం వచ్చింది యోనాకు. ప్రాయశ్చిత్త దినాన మధ్యాహ్నం యూదులు ఆ ప్రవక్త గ్రంథాన్నే చదువుతారు.

ఈ నేపథ్యంలో చదవవలసిన పుస్తకం యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ రాసిన 'ద జ్యూస్ ఆఫ్ ఆంధ్ర ప్రదేశ్'. ఆక్స్‌ఫర్డ్ వారు 2013లో ప్రచురించారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు తాము ఎఫ్రాయిము సంతతివారమని ప్రకటించుకున్నాయి. తమను 'బెనె ఎఫ్రాయిమ్' అని పిలుచుకుంటాయి, విశ్రాంతిదినం పాటిస్తాయి, హెబ్రీ నేర్చుకుంటాయి. అంతకు ముందు వారు క్రైస్తవులు. 1980ల చివరినుంచి ఈ ఉద్యమానికి రూపమిచ్చినవారు షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే సోదరులు. గోమాంసం తినడం వంటి మాదిగ ఆచారాలను వారు ఇశ్రాయేలు అలవాట్ల శేషాలుగా వ్యాఖ్యానించారు. తెలుగుకూ హెబ్రీకీ బంధుత్వం ఉందనే వాదన భాషాశాస్త్రం ముందు నిలవదు. వంశక్రమానికి చరిత్రకారులు అంగీకరించగల పత్రాధారమూ లేదు. గ్రంథకర్తలు ఈ విషయాన్ని దాచలేదు. అయితే వాళ్ల ఆసక్తి వంశం నిజమా అబద్ధమా అన్న తీర్పుపై లేదు. ఊరి అంచున నిలబెట్టబడిన మనుషులు తమ గతాన్ని తామే రాసుకున్నప్పుడు కులమూ మతమూ ఏమవుతాయన్నదే వారి ప్రశ్న. పుస్తకం బలం అక్కడుంది. ఎఫ్రాయిము పేరుకు ప్రవక్తలు పెట్టిన బరువును మాత్రం అది తగినంత తూచలేదు. తప్పిపోయిన గోత్రాలు పది. తప్పిపోయినవాడై, ఏడ్చి, ప్రియకుమారుడనిపించుకున్న పేరు ఒక్కటే. కులం చేత అంటరానివారనిపించుకున్నవారు ఆ పేరును ఎంచుకోవడంలో వింతేముంది?

వారి నిజాయితీపై సందేహాలు సహజంగానే వచ్చాయి: వలస కోసమా, సహాయం కోసమా, లేక విశ్వాసమేనా? తెలుగునాట ఈ ప్రశ్న వయసు శతాబ్దం పైమాటే. 1876–78 కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకుండా, కరువు సాయం సాగినంతకాలం బాప్తిస్మాలు నిలిపివేశాడు. సాయం ఆగాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ ఏటిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. అంతకు ముందే ఆ గూడేలకు ఈ మతాన్ని మోసుకుపోయినవాడు యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ గురువు. క్లౌ పాటించిన నిగ్రహం మెచ్చదగినదే. అయినా ఆకలిగొన్నవాడి మారుమనస్సును ఆకలి తీరేదాకా నిలిపి ఉంచే నియమం యోనాకు నచ్చినంతగా నీనెవె దేవునికి నచ్చదేమో.

కొత్తరెడ్డిపాలెం వారి విషయంలో ఆ వేచి ఉండడం ఇంకా పొడవైనది. ఈశాన్య భారతంలో మణిపూర్, మిజోరం ప్రాంతాల 'బ్నేయ్ మెనాషే'లను 2005లో ఇజ్రాయెల్ ముఖ్య సెఫార్దీ రబ్బీ ష్లోమో అమార్ ఇశ్రాయేలు సంతతిగా గుర్తించారు. శాస్త్రోక్తంగా మతస్వీకారం చేయాలన్న షరతుపై వేలమంది అక్కడికి చేరారు. ఆంధ్ర ఎఫ్రాయిములకు అటువంటి గుర్తింపు లభించలేదు. యాకోబు కుడిచేయి తమ్ముడి తలపై పెట్టాడు. ఈసారి మాత్రం అన్న పేరు పెట్టుకున్నవారే ముందు వెళ్లారు.