తక్కెడలో తూగిన విద్యుత్తు

వోల్టా తన బ్యాటరీ సంగతి లండన్‌కు రాసి పంపిన 1800లోనే నికల్సన్, కార్లైల్ ఆ కరెంటును నీళ్లలోకి పంపి హైడ్రోజన్, ఆక్సిజన్‌లను విడదీశారు. 1807లో హంఫ్రీ డేవీ కరిగించిన క్షారాల నుంచి పొటాషియం, సోడియం రాబట్టాడు. ఎంత విద్యుత్తుకు ఎంత పదార్థం వస్తుందన్న లెక్క మాత్రం అప్పటికి ఎవరి దగ్గరా లేదు.

ఆ లెక్క తేల్చింది డేవీ దగ్గర సహాయకుడిగా చేరిన మైకేల్ ఫారడే. నీటిని విడదీస్తూ ఎలక్ట్రోడ్ల సైజు మార్చాడు, నీటిలో కలిపిన ఆమ్లం గాఢత మార్చాడు. ఏం మార్చినా ఒకే విద్యుత్తుకు విడుదలయ్యే వాయువు ఒకటే. దాంతో ఆ వాయువునే విద్యుత్తుకు కొలతగా పెట్టుకున్నాడు. 1834లో అచ్చయిన ఆయన పత్రంలో ఒక ప్రయోగం నాకు మరీ ఇష్టం. గాజు గొట్టంలో తగరం క్లోరైడును కరిగించి, 20 గ్రెయిన్ల ప్లాటినం తీగను కాథోడుగా ఉంచి కరెంటు పంపాడు. తగరం పట్టిన తీగ 23.2 గ్రెయిన్లు తూగింది. అదే కరెంటు పక్కనున్న పరికరంలో 0.49742 గ్రెయిన్ నీటిని విడగొట్టింది. నీటి తుల్యభారం, అంటే ఒక వంతు హైడ్రోజన్‌కు సరితూగే భారం, 9 అనుకుంటే తగరానిది 57.9 అవుతుంది. అలాంటి నాలుగు ప్రయోగాల సగటు 58.53. ఈనాటి లెక్క 59.35. గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. అంత చిన్న తూకాల్లో ఇంత దగ్గరికి రావడం మామూలు పనితనం కాదు.

ఒకే విద్యుత్తు వేర్వేరు పదార్థాలను వాటి తుల్యభారాల నిష్పత్తిలోనే విడదీస్తుందన్నమాట. రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ దీన్ని ఒప్పుకోలేదు. గట్టిగా బిగుసుకున్న సమ్మేళనానికీ వదులుగా ఉన్నదానికీ ఒకే విద్యుత్తు ఎలా సరిపోతుందన్నది ఆయన అభ్యంతరం. విద్యుత్తు పరిమాణం వేరు, దాన్ని నెట్టడానికి కావలసిన శక్తి వేరు అన్న తేడా ఆయనకు పట్టలేదు.

ఈ నిష్పత్తికి కారణంగా పరమాణువుల మాట ఎత్తడానికి ఫారడే కూడా జంకాడు. ఆ జంకు సబబే అంటాను. నీటి ఫార్ములా మీదే అప్పటికి ఏకాభిప్రాయం లేదు. తుల్యభారమైతే ఏ ఫార్ములా మీదా ఆధారపడదు. ఆయన ఆగిన చోటు నుంచి భౌతిక శాస్త్రవేత్తలు స్టోనీ 1874లో, హెల్మ్‌హోల్ట్జ్ 1881లో ముందుకు నడిచారు. పదార్థానికి పరమాణువులు ఉన్నాయంటే, విద్యుత్తుకూ ఇక విడదీయరాని తునకలు ఉండాలని హెల్మ్‌హోల్ట్జ్ వాదించాడు. అదీ లండన్‌లో, ఫారడే పేరిట జరిగే ఉపన్యాసంలోనే. 1891లో స్టోనీ ఆ తునకకు ఎలక్ట్రాన్ అని పేరు పెట్టాడు.

ఒక మోల్ ఎలక్ట్రాన్ల ఆవేశం 96,485 కూలుంబులు. దాంతో 107.87 గ్రాముల వెండి పేరుకుంటుంది. రాగి అయానుకు రెండు ఎలక్ట్రాన్లు కావాలి కాబట్టి 63.55 గ్రాముల రాగికి అంతకు రెట్టింపు ఆవేశం పడుతుంది. ఈ లెక్క ఎంత నమ్మకంగా నిలిచిందంటే, సెకనుకు 0.001118 గ్రాముల వెండిని పేర్చే కరెంటే 1948 దాకా అంతర్జాతీయ ఆంపియర్.