మాది మాకే ఇస్తారా? నిస్గా జాతి 113 ఏళ్ళ పోరాటం

మూలవాసుల గురించి మాట్లాడేటప్పుడు కెనడా పాలకులు 'సయోధ్య' అనే మాట తెగ వాడతారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ మాట వినగానే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. భూమి లాక్కున్నవాడు తప్పు ఒప్పుకుని దిగొచ్చాడా, లేక పోగొట్టుకున్నవాడే అలసిపోయి దొరికిన కాడికి సర్దుకున్నాడా? నిస్గా జాతి విషయంలో రెండూ జరిగాయి. అందుకే ఆ చరిత్రని మనం నిదానంగా చదవాలి.

కెనడా పడమటి తీరంలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం ఉంది. అందులో అలాస్కా సరిహద్దుకి దగ్గర్లో ఉన్న నాస్ నది లోయ నిస్గాల నేల. ఏట్లో సాల్మన్ చేప, అడవిలో సీడర్ మాను వాళ్ళ బతుకుతెరువు. వంశం తల్లి వైపు నుంచి వస్తుంది. ఏ చేపల రేవు ఏ ఇంటిదో, ఏ వేట నేల ఎవరిదో చెప్పే సొంత చట్టం ఉంది. దాన్ని అయూక్ అంటారు. అంటే తెల్లవాళ్ళు వచ్చేసరికి అది 'ఎవరిదీ కాని భూమి' కాదు. హద్దులూ హక్కుదారులూ ఉన్న భూమి.

మూలవాసుల భూమిని ఒప్పందం లేకుండా తీసుకోకూడదని బ్రిటిష్ రాజు 1763 ప్రకటనలో తానే రాసుకున్నాడు. బ్రిటిష్ కొలంబియాలో మాత్రం కొద్ది ప్రాంతాల్లో తప్ప ఒప్పందాల ఊసే లేదు. సర్వేయర్లు వచ్చి చిన్న చిన్న ముక్కలు కొలిచి 'ఇవి మీ రిజర్వులు' అన్నారు. మిగతాదంతా సర్కారుదైపోయింది. కొలంబస్ పొరపాటున పెట్టిన 'ఇండియన్' అనే పేరుతోనే 1876లో ఇండియన్ యాక్ట్ తెచ్చి, వాళ్ళ బతుకు మొత్తాన్ని అధికారుల చేతిలో పెట్టారు.

1887లో నిస్గా పెద్దలు, పొరుగు సిమ్షియన్ పెద్దలు కలిసి రాజధాని విక్టోరియా దాకా వెళ్ళారు. ఒప్పందం కావాలి, స్వపరిపాలన కావాలి అని అడిగారు. తెల్లవాళ్ళు రాకముందు మీరు అడవి జంతువులకన్నా ఏం మెరుగు అన్న ధోరణిలో మాట్లాడి పంపించాడు ప్రీమియర్ విలియం స్మిథ్. తరవాత విచారణకొచ్చిన కమిషన్ ముందు నిస్గాలు వేసిన ప్రశ్న ఒక్కటే: మా భూమిని మాకు 'ఇస్తాం' అంటున్నారు, మాది మాకు మీరెలా ఇస్తారు? సర్కారు చేతి పట్టా కోసం తరాలుగా ఎదురుచూసిన కుటుంబాల నుంచి వచ్చిన మనకి ఈ ప్రశ్న బరువు వేరే చెప్పనక్కర్లేదు.

1913లో వాళ్ళు లండన్ ప్రీవీ కౌన్సిల్‌కి పిటిషన్ పెట్టారు. రాజు 1763లో ఇచ్చిన మాటనే ఆధారంగా చూపించారు. అది విచారణకే రాలేదు. పైగా 1927లో కేంద్ర ప్రభుత్వం ఇండియన్ యాక్ట్‌ని సవరించింది. ప్రభుత్వ అనుమతి లేకుండా భూమి హక్కుల కేసు కోసం మూలవాసుల నుంచి చందా వసూలు చెయ్యడం నేరమైంది. ఇక లాయర్ని పెట్టుకునేదెలా? హక్కు లేదని కోర్టులో రుజువు చెయ్యడానికి పాలకులు సిద్ధపడలేదు, కోర్టు తలుపే మూసేశారు. ఈ నిషేధం 1951 దాకా నడిచింది.

1949లో ఆ రాష్ట్రంలో మూలవాసులకి ఓటు వచ్చింది. అదే ఏడు నిస్గా బిడ్డ ఫ్రాంక్ కాల్డర్ శాసనసభకి గెలిచాడు. ఇండియన్ యాక్ట్ కింద గుర్తింపు ఉన్నవాళ్ళలో కెనడాలో ఏ చట్టసభకైనా ఎన్నికైన మొదటివాడు ఆయనే. 1955లో నిస్గా ట్రైబల్ కౌన్సిల్ ఏర్పడింది. థామస్ బర్గర్ అనే లాయర్ సాయంతో 1967లో కేసు వేశారు. కింది కోర్టులో ఓడారు, అప్పీలులోనూ ఓడారు. 1973 జనవరి 31న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఏడుగురు జడ్జీల్లో ఆరుగురు మూలవాసుల భూమి హక్కు చట్టంలో ఉన్నదేనన్నారు. అది రద్దయిపోయిందని ముగ్గురు, ఇంకా ఉందని ముగ్గురు. ఏడో జడ్జి, రాష్ట్రం అనుమతి లేకుండా దావా చెల్లదని కొట్టేశాడు. కాగితం మీద నిస్గాలు ఓడిపోయారు. అయినా 1969లో మూలవాసుల ప్రత్యేక హోదానే ఎత్తేస్తామన్న ట్రూడో ప్రభుత్వం, ఈ తీర్పు తరవాత అదే 1973లో భూమి హక్కుల మీద చర్చలకి ఒప్పుకుంది.

చర్చలు 1976లో మొదలయ్యాయి. రాష్ట్ర ప్రభుత్వం వచ్చి కూర్చున్నది 1990లో. జోసెఫ్ గోస్నెల్ నాయకత్వంలో 1998లో తుది ఒప్పందం కుదిరింది, 2000 మే 11న అమల్లోకి వచ్చింది. దాదాపు 2,000 చదరపు కిలోమీటర్ల భూమి, సుమారు 19 కోట్ల కెనడియన్ డాలర్లు, సాల్మన్‌లో వాటా దక్కాయి. నిస్గాలు ఇండియన్ యాక్ట్ నుంచి చాలామేరకు బయటపడ్డారు. భూమి, భాష, సంస్కృతి, పౌరసత్వం వంటి విషయాల్లో నిస్గా లిసిమ్స్ ప్రభుత్వం చేసే చట్టానికి రాజ్యాంగ రక్షణ దొరికింది. ప్రతిపక్ష నాయకుడు గోర్డన్ క్యాంప్‌బెల్ దీని మీద కోర్టుకెళ్ళి 2000లో ఓడిపోయాడు.

ఇక రెండో వైపు చూద్దాం. దక్కిన భూమి వాళ్ళు తమదన్న నేలలో 8 శాతం మాత్రమే. పన్ను మినహాయింపుని దశలవారీగా వదులుకోవాల్సొచ్చింది. ఓటింగులో అర్హుల్లో 61 శాతం ఒప్పందానికి అవునన్నారు. మిగతావాళ్ళలో కొందరు కాదన్నారు, కొందరు ఓటే వెయ్యలేదు. నిస్గాలే కొందరు ఈ ఒప్పందం చెల్లదని తరవాత కోర్టుకెక్కారు, ఓడిపోయారు. పొరుగు గిటన్యో జాతి, ఆ ఒప్పందంలో తమ నేల కూడా కలిసిపోయిందని అభ్యంతరం చెప్పింది. ఇవి చిన్న విషయాలు కావు. ఒక అణగారిన జాతి రాజ్యంతో ఒప్పందం చేసుకునేటప్పుడు లోపలి అసమ్మతిని, పక్కవాళ్ళ హక్కుని ఏం చెయ్యాలన్నది మన ఉద్యమాలకీ ఎదురయ్యే ప్రశ్నే.

1929లో మారియస్ బార్బో అనే పరిశోధకుడు నాస్ లోయ నుంచి ఒక స్మారక స్తంభాన్ని పట్టుకుపోయి ఎడిన్‌బరో మ్యూజియానికి అమ్మాడు. అది 2023 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరింది. స్తంభం తిరిగొచ్చింది గానీ, మిగతా 92 శాతం నేల మాత్రం ఒప్పందం ప్రకారమే సర్కారు పేరున ఉండిపోయింది. నిస్గాలు సాధించిన స్వపరిపాలన గురించి చెప్పేవాళ్ళు ఈ లెక్క కూడా చెప్పాలి. ఈ లెక్క చూపించి అంతా ఓటమే అనేవాళ్ళు, చందా వసూలే నేరమైన రోజుల నుంచి సొంత చట్టం చేసుకునే రోజు దాకా వాళ్ళు నడిచిన దూరాన్ని కూడా కొలవాలి.