కల కనే యంత్రం: 600 షాట్ల దగ్గర ఆగిపోయిన సినిమా

ఈరోజు ఎవరూ చూడని ఒక సినిమా గురించి మాట్లాడుకుందాం. చూడకపోవడం మన తప్పేం కాదు, అసలు అది పూర్తే కాలేదు. పేరు 'యుమె మిరు కికాయ్'. జపనీస్‌లో 'కల కనే యంత్రం' అని అర్థం. డైరెక్టర్ సతోషి కోన్.

మీలో యానిమే చూసేవాళ్లకి ఈ పేరు కొత్త కాదు. 'పర్ఫెక్ట్ బ్లూ' 1997లో వచ్చింది. తర్వాత 'మిలీనియం యాక్ట్రెస్', 'టోక్యో గాడ్‌ఫాదర్స్', 2006లో 'పాప్రికా'. మొత్తం నాలుగే సినిమాలు. కానీ ఆయన కట్ ఒక్కటి చూస్తే చాలు, ఎవరిదో తెలిసిపోతుంది. 'మిలీనియం యాక్ట్రెస్'లో హీరోయిన్ ఒక కాలంలో పరుగు మొదలుపెడుతుంది, అదే పరుగులో ఇంకో కాలంలోకి వెళ్లిపోతుంది. ఎక్కడ జ్ఞాపకం ఆగింది, ఎక్కడ సినిమా మొదలైంది అని మనం ఆలోచించేలోపు సీన్ ఎటో వెళ్లిపోయుంటుంది.

ఐదో సినిమాకి ఆయన దారి మార్చాడు. 'కల కనే యంత్రం'లో మనుషులే ఉండరు, అందరూ రోబోలే. రోబోలు చేసే ఒక ప్రయాణం అన్నమాట. ముందు సినిమాలు ఎక్కువగా పెద్దవాళ్లవి. ఇది మాత్రం పిల్లలు కూడా కూర్చుని చూడాలని ఆయన కోరిక.

పని సగంలో ఉండగా, 2010 మే నెలలో డాక్టర్లు పాంక్రియాస్ క్యాన్సర్ అని చెప్పారు. మహా అయితే అర్ధ సంవత్సరం అన్నారు. ఆయన ఈ విషయం చాలా కొద్దిమందికే చెప్పాడు. చివరి రోజులు ఆసుపత్రిలో కాకుండా ఇంట్లో గడపాలనుకున్నాడు. ఆగస్టు 24న చనిపోయాడు. వయసు 46.

ఆ మరుసటి రోజు ఆయన వెబ్‌సైట్‌లో ఒక పెద్ద ఉత్తరం వచ్చింది. ముందే రాసిపెట్టుకున్న వీడ్కోలు అది. అందులో ఆయన తన గురించి కన్నా ఈ సినిమా గురించి, దానికి పనిచేస్తున్న టీమ్ గురించి ఎక్కువ బాధపడ్డాడు. కథ, పాత్రలు, ఆ ప్రపంచం, సంగీతం ఎలా ఉండాలన్నది అంతా తన తలలోనే ఉందని, తను లేకపోతే మిగతావాళ్లకి అర్థంకానిది చాలా మిగిలిపోతుందని ఆయన భయం. ప్రొడ్యూసర్ మసావో మరుయామా ఇంటికి వస్తే, సారీ చెప్పుకుని ఏడ్చాడు. ఏదోలా చేస్తాం, కంగారుపడకు అని మరుయామా ధైర్యం చెప్పాడు.

ఊరికే అన్నమాట కాదది. మ్యాడ్‌హౌస్ స్టూడియోలో పని కొనసాగింది. సుమారు 1500 షాట్లలో 600 దాకా యానిమేషన్ అయింది. 2011లో డబ్బు సర్దుబాటు కాక ఆగింది. అదే ఏడాది మరుయామా కొత్త స్టూడియో పెట్టాడు. దాని పేరు మప్పా. అవును, 'జుజుత్సు కైసెన్' తీసిన మప్పానే.

డబ్బు ఒక్కటే సమస్యా? నా ఉద్దేశంలో కాదు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఒక సీనియర్ సడెన్‌గా మానేశాడు. కోడ్ మొత్తం మా దగ్గరే ఉంది, రన్ అవుతోంది కూడా. కానీ ఒక లైన్ ఎందుకలా రాశాడో ఎవరికీ తెలీదు. ముట్టుకోవాలంటే భయం. నెలకి సగం మేమే తిరగరాశాం. పని చేసింది, కానీ అది ఇక ఆయన కోడ్ కాదు.

ఇక్కడ మీకో డౌట్ రావాలి. మరి ఎర్రన ఎలా చేశాడు? చిన్నప్పుడు చదువుకున్నాం కదా. నన్నయ భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగింది. తిక్కన దాన్ని వదిలేసి విరాటపర్వం నుంచి మొదలుపెట్టాడు. మిగిలిన ముక్కని తర్వాత ఎర్రన నన్నయ పద్ధతిలోనే పూరించి, నన్నయలాగే రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. అతుకు కనబడనివ్వలేదు. కానీ ఎర్రన ముందు వ్యాసుడి సంస్కృత మూలం ఉంది. ఏం జరగాలో తెలుసు, ఎలా చెప్పాలన్నదే ఆయన పని. 'పాప్రికా'కి కూడా ముందే ఒక నవల ఉంది. 'కల కనే యంత్రం' మాత్రం కోన్ సొంత కథ. దాని మూలం ఆయన తలే.

మరుయామా ఏళ్ల తరబడి తగిన డైరెక్టర్ కోసం వెతికి, చివరికి మానుకున్నాడు. మమోరు హొసోడా లాంటివాడు తీయగలడు, కానీ అప్పుడది హొసోడా సినిమా అవుతుంది, కోన్ సినిమా కాదు అన్నది ఆయన వాదన. అంత టాలెంట్ ఉన్నవాడు తన సొంత సినిమా తీసుకోవడమే మేలని అన్నాడు.

ఇప్పుడైతే ఆ 600 షాట్లు ఏఐకి ఇచ్చి మిగతా 900 చేయించొచ్చు కదా అని కొందరు అడుగుతారు. చేయించొచ్చేమో. కోన్ గత సినిమాల్లా కనిపించొచ్చు కూడా. కానీ ఆయన ఈసారి చేయాలనుకున్నదే గతంలో చేయనిది. పాతవి చూసి దాన్ని ఊహించడం ఎలా?

మాట ఇచ్చిన మనిషే ఆపేశాడంటే మొదట నాకు కోపం వచ్చింది. ఇప్పుడు రావట్లేదు. పూర్తిచేయడం ఒక గౌరవమైతే, ఇంకొకరి పనిని ఆయన పేరుతో అమ్మకపోవడం కూడా గౌరవమే.

కోన్ సినిమా ఒక్కటీ చూడనివాళ్లు 'టోక్యో గాడ్‌ఫాదర్స్'తో మొదలుపెట్టండి. తర్వాత 'పాప్రికా'. నాలుగూ అయిపోయాక, ఐదోది లేదని గుర్తొస్తుంది చూడండి, అప్పుడు ఈ ఎపిసోడ్ ఎందుకు చేశానో అర్థమవుతుంది. ఉంటాను మరి.