నోమ్ పట్టణంలో కంఠసర్పి (1925): డాక్టర్ వెల్చ్ పోరాటం

1925 జనవరిలో అలాస్కా పశ్చిమ తీరాన గల నోమ్ పట్టణంలో పిల్లలు గొంతు జబ్బుతో మరణించసాగారు. అక్కడి ఏకైక వైద్యుడు కర్టిస్ వెల్చ్. మొదట టాన్సిల్స్ వాపని తలచినా, గొంతులో బూడిదరంగు పొరను చూచి అది కంఠసర్పి, అనగా డిఫ్తీరియా అని ఆయన నిర్ధారించాడు.

ఈ వ్యాధిలో ప్రాణం తీసేది క్రిమి విడిచే విషం. ఆ విషం కణజాలంలో చేరకముందే సీరం దానిని అడ్డగిస్తుంది. చేరిన తరువాత తొలగించలేదు. కనుక ప్రతి గంటా విలువైనదే. వెల్చ్ వద్ద గడువు తీరిన కొద్దిపాటి సీరం మాత్రమే ఉంది. 1924లో కోరిన కొత్త మందు రాకముందే ఓడరేవు గడ్డకట్టింది.

పట్టణంలో క్వారంటైన్ విధింపజేసి, జనవరి 22న ఆయన తంతి ద్వారా సహాయం అర్థించాడు. యాంకరేజ్‌లో దొరికిన 3,00,000 యూనిట్లు రైలులో నెనానా చేరాయి. అక్కడినుండి 20 మంది బండి తోలేవారు, సుమారు 150 కుక్కలతో, 674 మైళ్ల మంచుదారిని సుమారు 127 గంటలలో దాటి ఫిబ్రవరి 2న మందును చేర్చారు. దారిలో గడ్డకట్టినా ఆ సీరం పనిచేసింది. ఫిబ్రవరిలోనే క్వారంటైన్ ఎత్తివేశారు.

చివరి పరుగులో ముందు నడిచిన కుక్క బాల్టోకు అదే సంవత్సరం న్యూయార్క్‌లో విగ్రహం వెలసింది. బండ్లు తోలినవారిలో పలువురు ఆదివాసులు; వారి పేర్లు ఎరిగినవారు అరుదు. నమోదైన మరణాలు 5 నుండి 7. అయితే పట్టణం వెలుపలి ఆదివాసి శిబిరాలలో మరో 100 కేసులైనా ఉండవచ్చునని, అక్కడి శిశుమరణాలు లెక్కకు రావని వెల్చ్ అభిప్రాయం. 1918 ఇన్‌ఫ్లూయెంజా కూడా అధికంగా బలిగొన్నది ఆ ప్రజలనే.

సేవా చరిత్ర రాసేవారు విజయంతో పాటు, రిజిస్టరుకెక్కని ఈ సమాధులను కూడా లెక్కించవలసి ఉంది.