గోరంత చిప్పు

నల్లగొండకో గడియారం సెంటర్ ఉంది, పాలమూరు అని పిలిచే మహబూబ్‌నగర్‌కూ ఉంది. పదిహేనేళ్ల కిందట ఆ రెండు చోట్లా, ఇటు దేవరకొండ, మిర్యాలగూడ బస్టాండ్ల నుంచి అటు జడ్చర్ల, నారాయణపేట దాకా, సెల్ పాయింట్ల అద్దాల మీద ఒక రాత కనిపించేది: ‘పాటలు ఎక్కించబడును’. కౌంటర్ వెనక కుర్రాడు ఫోన్ డొప్ప ఊడదీసి, బ్యాటరీ పక్కన పెట్టి, గోటితో కార్డును బయటికి నెట్టి, కార్డ్ రీడర్‌లో దూర్చేవాడు. ‘ఎన్ని జీబీలది?’ ‘రెండు.’ ‘పాత పాటలా, డీజే పాటలా?’ ‘అన్నీ కలిపి నింపన్నా.’ రెండు జీబీల్లో సుమారు 400 పాటలు పట్టేవి. ముంబై, పుణె పనులకు బస్సెక్కే పాలమూరు కూలీకి రాత్రిపూట తోడు అవే. కాపీరైట్ చట్టం లెక్కన అది దొంగ సరుకే అయినా, ఆ కౌంటర్ దగ్గర ఆ ముచ్చట ఎత్తేవారు తక్కువ.

జనం దాన్ని మెమరీ కార్డు అనలేదు, చిప్పు అన్నారు. చిప్పును తూచే తూకం కూడా అక్కడే వంటబట్టింది: ఎన్ని జీబీలైతే అంత గొప్ప. పాటల వరకు ఆ తూకం సరిపోయింది. ఆటల దగ్గరకొచ్చేసరికే తేడా కొట్టింది.

ఆటలకు మొదట్లో చిప్పు అవసరమే లేదు. 1990ల్లో జాతరల్లో బొమ్మల దుకాణాల్లో దొరికిన బ్రిక్ గేమ్ మీద ‘9999 ఇన్ 1’ అని ఉండేది. నిజానికి ఉన్నవి గుప్పెడు ఆటలే, మిగతావన్నీ వేగం మార్చి చూపిన రూపాలు. రెండు పెన్సిల్ సెల్లులు తీస్తే సాధించిన స్కోరు గాలికి పోయేది. ఆట ఎక్కడ ఆపామో గుర్తుంచుకునే పని 1994లో వచ్చిన సోనీ ప్లేస్టేషన్ ఒక కార్డుకు అప్పగించింది. ఆ కార్డు సామర్థ్యం 128 కేబీ, అంటే ఇప్పటి వాట్సాప్ ఫొటో ఒకటి పట్టడమే గగనం.

విద్యుత్తు పోయినా చెరగని ఈ జ్ఞాపకానికి మూలం ఫ్లాష్ మెమరీ. తోషిబాలో ఫుజియో మసుఓకా 1980ల్లో దాన్ని కనిపెట్టాడు. ఇప్పటి కార్డుల్లో ఉన్న నాండ్ రకం 1987లో లోకానికి తెలిసింది. 1999లో పానాసోనిక్, శాన్‌డిస్క్, తోషిబా కలిసి ఎస్డీ కార్డును ప్రకటించాయి. 2004లో శాన్‌డిస్క్ దాన్ని వేలి గోరంతకు కుదించి ట్రాన్స్‌ఫ్లాష్ అని పిలిచింది. మరుసటి ఏడాది అదే మైక్రో ఎస్డీ అయింది: పొడవు 15 మిల్లీమీటర్లు, వెడల్పు 11, మందం 1. నేటికీ ఆ కొలత మారలేదు. తిప్పలన్నీ అక్కడే మొదలు.

కొలత ఒకటే కానీ లోపలి కట్టడం వేరు. మొదటి ఎస్డీ పద్ధతి 2 జీబీ దగ్గర ఆగింది. 2006లో వచ్చిన ఎస్‌డీహెచ్‌సీ 32 జీబీ దాకా, 2009 నాటి ఎస్‌డీఎక్స్‌సీ 2 టీబీ దాకా, 2018 నాటి ఎస్‌డీయూసీ 128 టీబీ దాకా వెళ్తాయి. పాత ఫోన్‌లో 8 జీబీ చిప్పు చక్కగా దూరేది, ఫోన్ మాత్రం దాన్ని గుర్తుపట్టేది కాదు. ‘చిప్పు ఖరాబైంది’ అని తిరిగి తెచ్చిన వాటిలో కొన్నిటికి ఏ రోగమూ ఉండి ఉండదు.

చేతిలో పట్టుకుని ఆడే యంత్రాల్లో చిప్పుకు పెద్దపీట వేసింది 2004 డిసెంబరులో జపాన్‌లో విడుదలైన పీఎస్‌పీ. అయితే సోనీ తన సొంత మెమరీ స్టిక్‌నే పెట్టింది. తొలి ప్యాక్‌లో ఇచ్చింది 32 ఎంబీ. పీఎస్‌పీ డిస్కులో ఆట 1.8 జీబీ దాకా ఉండొచ్చు! రెండు మైక్రో ఎస్డీ కార్డులు పట్టే అడాప్టర్‌తో జనం దొడ్డిదారి వెతుక్కున్నారు. 2011లో పీఎస్ వీటాకు సోనీ మళ్లీ ఇంకో సొంత కార్డు తెచ్చింది. బజార్లో దొరికే మైక్రో ఎస్డీ కన్నా అది ఖరీదు. ఒక మంచి యంత్రాన్ని దాని చిప్పే దెబ్బతీయగలదనడానికి వీటాను మించిన ఉదాహరణ దొరకదు.

నల్లగొండ, పాలమూరు పిల్లల్లో ఎక్కువమందికి చేతి ఆటయంత్రమంటే ఫోనే. మొదట జావా గేమ్‌లు, ఒక్కోటి కొన్ని వందల కేబీలు. సెల్ పాయింటులో పాటలతో పాటే ఎక్కేవి. తర్వాత ఆండ్రాయిడ్. 2012లో పీపీఎస్‌ఎస్‌పీపీ అనే ఎమ్యులేటర్ రాగానే పీఎస్‌పీ ఆటలు ఫోన్‌లోకి దిగాయి. 2013 చివర్లో జీటీఏ శాన్ ఆండ్రియాస్ వచ్చింది, రెండు జీబీల పైచిలుకు. లోపల నాలుగు జీబీలే ఉన్న ఫోన్‌లో అంతటి ఆట ఎక్కడ పెట్టాలి? చిప్పు మీదే. 2015లో ఆండ్రాయిడ్ 6 చిప్పును ఫోన్ సొంత మెమరీలో కలుపుకునే వీలిచ్చింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి: 32 జీబీలున్నా ఆట ఆగి ఆగి నడిచేది.

కారణం సులువు. పాట ఒకే వరసలో సాగే చదువు. ఆట అలా కాదు. ఇక్కడో ముక్క, అక్కడో ముక్క, క్షణానికి వందలసార్లు అడుగుతుంది. కార్డు మీది ‘క్లాస్ 10’ వరసగా రాసే వేగాన్నే చెబుతుంది. ఈ లోటు పూడ్చడానికే 2016లో ఏ1 గుర్తు వచ్చింది: సెకనుకు కనీసం 1500 చిల్లర చదువులు, 500 రాతలు. మరుసటి ఏడాది ఏ2: 4000, 2000. ఏ2 పూర్తి బలం చూపాలంటే యంత్రం కూడా సహకరించాలి. చాలా యంత్రాలు సహకరించవు, కాబట్టి చాలాచోట్ల ఏ1కు, ఏ2కు తేడా తెలియదు.

ఈలోగా నకిలీలు ముంచెత్తాయి. లోపల 8 జీబీలే ఉన్నా 128 అని ఫోన్‌కు అబద్ధం చెప్పేలా కార్డులోని కంట్రోలర్‌ను మారుస్తారు. ఎనిమిది నిండే వరకు అంతా సవ్యమే. ఆ తర్వాత ఎక్కించింది పేరుకు కనిపిస్తుంది, తెరిస్తే ఉండదు. పాటల చిప్పులో నాలుగు పాటలు పోతే ఎవరూ పట్టించుకోరు. ఆటలో నలభై గంటల సేవ్ పోతే ఏడుపే. కొన్న రోజే కార్డును నిండుగా రాసి తిరిగి చదివి చూడడం ఒక్కటే పరీక్ష. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 అనే ప్రోగ్రాములు చేసే పని అదే. 128 జీబీ కార్డు 119 అని చూపిస్తే మాత్రం కంగారు పడక్కర్లేదు. కంపెనీ వెయ్యి లెక్కన కొలుస్తుంది, కంప్యూటర్ 1024 లెక్కన. అది మోసం కాదు, లెక్క తేడా.

2016 సెప్టెంబరులో జియో వచ్చి పాటల కౌంటర్‌ను ఖాళీ చేసింది. ఫోన్లలో లోపలి మెమరీ పెరిగింది, ఖరీదైన వాటిలో చిప్పు గూడే పోయింది. విచిత్రమేమిటంటే, ఫోన్ వదిలేసిన చిప్పును అప్పుడే ఆటయంత్రాలు ఎత్తుకున్నాయి. 2017 మార్చిలో వచ్చిన నింటెండో స్విచ్ లోపల ఉన్నది 32 జీబీలే, 2022లో వచ్చిన స్టీమ్ డెక్ తొలి మోడల్‌లో 64. అధికారిక అమ్మకం లేకపోయినా అమెరికా బంధువుల సూట్‌కేసుల్లో ఇలాంటివి మన ఊళ్లకూ చేరతాయి. ఆ రెండింటి గూళ్లూ యూహెచ్‌ఎస్-1 రకం, సెకనుకు 104 ఎంబీలకు మించి లాగవు. పెట్టె మీద 190, 200 అని రాసిన కార్డుకు ఎక్కువ డబ్బు పోస్తే ఆ వేగం కంపెనీ సొంత రీడర్‌లో ఫైళ్లు ఎక్కించేటప్పుడే కనిపిస్తుంది, ఆటలో కాదు. అదే డబ్బుతో ఇంకాస్త పెద్ద ఏ1 కార్డు కొనుక్కోవడం మేలు.

2025 జూన్ 5న వచ్చిన స్విచ్ 2 ఈ లెక్కనూ తిరగేసింది. దానికి మైక్రో ఎస్డీ ఎక్స్‌ప్రెస్ కార్డే కావాలి. వెనక అదనపు కాళ్ల వరస ఉంటుంది, కాగితం మీద సెకనుకు 985 ఎంబీలు. పాత 512 జీబీ చిప్పు అందులోనూ చక్కగా దూరుతుంది, అదే 15 మిల్లీమీటర్లు కదా. పాత స్విచ్‌లో తీసిన ఫొటోలు, వీడియోలు అందులోంచి తెచ్చుకోవచ్చు. ఆట మాత్రం ఒక్కటీ ఎక్కదు.

గడియారం సెంటర్లలో చిప్పులు ఇప్పటికీ అమ్ముతారు, ఇంటి సీసీ కెమెరాలకు. ఎక్స్‌ప్రెస్ కార్డు కావాలంటే ఆన్‌లైన్‌లో వెతకాలి, లేదంటే రెండు ఊళ్ల నుంచీ దాదాపు సమాన దూరమే, వంద కిలోమీటర్లు బస్సెక్కి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీకి పోయి అడగాలి.