నీలి ఫ్రాంక్లిన్ అంచులు

దీపం వెలుగులోకి స్టాంపును జరుపుకోండి. భూతద్దం కంటికి దగ్గరగా పెట్టుకోండి. నీలి సిరాలో పక్కకు తిరిగిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ తల కనిపిస్తుంది. 1851 జులై 1న అమెరికా పోస్టాఫీసులకు వచ్చిన ఒక సెంటు బిళ్ళ ఇది. ముఖం మీద చూపు నిలపకండి, ఏ బిళ్ళలో చూసినా ఆ ముఖం ఒకటే. పైన ‘యు.ఎస్. పోస్టేజ్’, కింద ‘వన్ సెంట్’ అన్న అక్షరాలు దాటి, అంచున వంగిన సన్నటి గీత దగ్గర ఆగండి. స్టాంపు జాతకమంతా అక్కడే ఉంది.

ఆ గీతకు ఏమైందో తెలియాలంటే ఫిలడెల్ఫియాలోని టాపన్, కార్పెంటర్, కాసిలేర్ కంపెనీ పనిశాలకు రావాలి. ఉక్కుమీద చెక్కిన మూలచిత్రం రోలర్ మీదికి ఎక్కింది. పనివాడు ఆ రోలర్‌ను ప్లేటు మీద ముందుకీ వెనక్కీ బలంగా దొర్లిస్తున్నాడు, ఒక్కో ప్లేటుకు రెండువందల చోట్ల. అంచుల్లోని నగిషీ కొన్నిచోట్ల పూర్తిగా దిగలేదు, కొన్నిచోట్ల దిగింది కూడా చెరిగిపోయింది. మొదటి ప్లేటు తొలిదశలో కుడి భాగం పై వరుసలో ఏడో బిళ్ళ ఒక్కటే నిండుగా నిలిచింది. సేకర్తలు ఈ అంచు తేడాలను బట్టే స్టాంపును టైపులుగా విడదీస్తారు; అంచున చిల్లులు లేని స్టాంపుల్లో టైప్ ఒకటి అదే. దాని ధర లక్షల్లో పలకడంలో వింతేమీ లేదు.

మళ్ళీ దీపం దగ్గరికి. కింది నగిషీ కొంత పోయినా పైగీత, కిందిగీత తెగకుండా ఉంటే టైప్ రెండు. రెండూ నడిమధ్య తెగితే టైప్ మూడు, ఒక్కటే తెగితే మూడు-ఏ. రెండో ప్లేటు కుడి భాగంలోని 99వ బిళ్ళలో ఆ తెంపు ఎంత వెడల్పంటే, చూడగానే గుర్తుపడతారు. ఇక గీత ఒకచోట మందంగా, చేత్తో దిద్దినట్టు కనిపిస్తే టైప్ నాలుగు. 1852లో అరిగిన మొదటి ప్లేటును తిరిగి బాగుచేస్తూ, ఒక్కటి తప్ప 199 బొమ్మల గీతలను చెక్కుడు పనివాళ్ళు మళ్ళీ దిద్దారు. ఆ చేతి పని ఇంత కాలానికి మీ కంటికి అందడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. 1857లో చిల్లులు వచ్చాక పక్క నగిషీని కూడా కోసిన టైప్ అయిదు వచ్చింది. అది దొరకడం కష్టం కాదు.

ఈ టైపుల లెక్క తేల్చడానికి స్టాంపుల పరిశోధకుడు స్టాన్లీ ఆష్‌బ్రుక్ ఏళ్ళ తరబడి శ్రమించి 1938లో రెండు సంపుటాలు ప్రచురించాడు.

మీ చేతిలోని బిళ్ళను ఇప్పుడు పక్కకు వంచి చూడండి. గీత తెగినచోట కాగితం పీచు లేచిందా? అయితే ఎవరో గీకి, టైప్ రెండును టైప్ మూడుగా మార్చారు. అంచులు కత్తెర పాలైన బిళ్ళకు ‘టైప్ ఒకటి’ అని ఎవరు చెప్పినా నిపుణుల ధ్రువపత్రం లేకుండా కొనకండి.