ఒట్టు పెట్టుటయా, ధ్రువీకరించుటయా?

బషీరాబాదు, తాండూరు ప్రాంతములలో పొలము గట్టు తగవు వచ్చినప్పుడు మీలో ఎవరినైనను సాక్షిగా కోర్టుకు పిలువవచ్చును. బోనెక్కగానే ప్రమాణము చేయుమందురు. కొండమీది ప్రసంగములో ప్రభువు ఒట్టు పెట్టుకొనవద్దనెను గదా, ఇప్పుడేమి చేయుట అని మీ మనస్సు కలవరపడును. ఈ కలవరము క్రొత్తది కాదు.

ఇంగ్లాండులో క్వేకరులను భక్తులు ఈ బోధనే పట్టుకొని, న్యాయస్థానములలో ఒట్టు వేయమనిరి. 1662లో వారిని శిక్షించుటకే ఒక చట్టము పుట్టెను. వారి నాయకుడైన జార్జి ఫాక్సు 1664లో రాజభక్తి ప్రమాణమునకు ఒప్పుకొననందున లాంకాస్టరు చెరసాల పాలాయెను. ఒట్టు వేసిననాడే నిజము చెప్పవలెనా, తక్కిన దినములలో అక్కరలేదా? ఇదే వారి వాదము. తుదకు 1696లో పార్లమెంటు ఒట్టుకు బదులు ‘అఫర్మ్’ చేయుటకు వారికి సెలవిచ్చెను. నేరవిచారణలలో మాత్రము 1828 వరకు వేచియుండవలసి వచ్చెను.

ఈ అఫర్మ్ అను క్రియకు మూలము లాటిను భాషలోని ‘ఫిర్ముస్’, అనగా గట్టిది. మన ధ్రువీకరించుటలోని ధ్రువము కదలనిది. మనము ప్రార్థన చివర పలుకు ఆమేన్ అను హెబ్రీ మాటకును స్థిరమైనది అనియే భావము. ఇతరులు దానిని చివర పలుకగా, ప్రభువు తన మాటకు ముందే పలికెను. మన బైబిలులో అది ‘నిశ్చయముగా’ అని యున్నది. మనవారును ‘గట్టిగా చెప్పు’ అందురు. అయితే పంచాయతీలో ఆ మాటకు బిగ్గరగా అరచుట అని అర్థము చేసికొనువారే హెచ్చు!

మన దేశమున 1840లో కంపెనీవారు హిందువులకు, మహమ్మదీయులకు గంగాజలముతోను ఖురానుతోను పనిలేకుండ ధ్రువీకరణ నేర్పరచిరి. బషీరాబాదు అప్పుడు నిజాము రాజ్యములోనిది గనుక ఆ చట్టము ఇక్కడికి రాలేదు. ఉర్దూ నడిచిన ఆ కచేరీలలో ప్రమాణమునకు ‘హలఫ్’ అని పేరు.

కోర్టులో ప్రమాణము చేసినవాడు పాపియని నేననను. ప్రధానయాజకుడు దేవునితోడని ఆనబెట్టి అడిగినప్పుడు యేసు మారుపలికెను గదా. కాని మనస్సాక్షి ఒప్పుకొననివారికి 1969 నాటి ప్రమాణముల చట్టము దారి చూపుచున్నది. ప్రమాణమునకు బదులు ధ్రువీకరించెదనని న్యాయాధిపతితో చెప్పుకొనవచ్చును. ఒట్టు వేయలేదు గనుక తప్పించుకొందునని మాత్రము ఎవరును తలంపకూడదు. ధ్రువీకరించి అబద్ధ సాక్ష్యము పలికినను, ఒట్టు వేసి పలికినవానికివలెనే ఏడు సంవత్సరముల వరకు చెరసాల శిక్ష కలదు.